రెండు రేవులు, రెండు రేట్లు: కనీస వేతనం ఢిల్లీ మాటా, రాష్ట్రం మాటా?

విశాఖపట్నంలో రెండు ఓడరేవులున్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్నది పాత విశాఖ పోర్టు. దానికి దక్షిణాన, ఉక్కు కర్మాగారం పక్కన ఉన్నది గంగవరం. మొదటిది కేంద్రం చేతిలోని ‘మేజర్ పోర్టు’, రెండోది రాష్ట్ర పరిధిలోని ప్రైవేటు రేవు. ఈ రెండు చోట్లా కాంట్రాక్టరు కింద యార్డు ఊడ్చే ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరిదీ అదే చీపురు, అదే ఎండ. బియ్యం, నూనె కొనేది అదే బజారులో. బహుశా ఒకే వీధిలో అద్దెకుంటున్నారేమో కూడా. అయినా మొదటి మనిషికి రోజుకు కనీసం ఎంత ఇవ్వాలో ఢిల్లీలోని కేంద్ర కార్మిక శాఖ చెబుతుంది. రెండో మనిషికి అమరావతి నుంచి వచ్చే జీవో చెబుతుంది. ఆ రెండు అంకెలూ ఒకటి కావు.

కనీస వేతనం మీద వార్త వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది: కేంద్రం ఒక రేటు, రాష్ట్రం మరో రేటు చెబితే దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? ‘ఏది ఎక్కువైతే అది’ అనే జవాబు కూడా వెంటనే వచ్చేస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మన చట్టం నడిచే తీరు అది కాదు. ఆ జవాబు అచ్చంగా అతికేది అమెరికాకు.

అమెరికాలో 1938 నాటి ఫెడరల్ చట్టం దేశమంతటికీ ఒక కనీస వేతనం పెట్టింది. 2009 జులై నుంచి అది గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉంది. రాష్ట్రాలు, కొన్నిచోట్ల నగరాలు, అంతకంటే ఎక్కువ పెట్టుకోవచ్చని ఆ చట్టమే చెప్పింది. అక్కడ కీలకం ఏమిటంటే, రెండు చట్టాలూ ఒకే యజమాని మీద ఒకేసారి పనిచేస్తాయి. జార్జియా రాష్ట్ర చట్టంలో ఇప్పటికీ 5.15 డాలర్లే ఉంది, అయినా అక్కడి యజమానుల్లో అత్యధికులు ఫెడరల్ రేటు ఇచ్చి తీరాలి. టెక్సాస్ ఫెడరల్ రేటునే తనదిగా పెట్టుకుంది కాబట్టి డాలస్‌లో పనిచేసే మనవాళ్లకు చట్టం హామీ ఇచ్చేది ఆ 7.25 డాలర్లే. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు అంతకు రెట్టింపు దాటింది. ఇద్దరు సర్వేయర్లు ఒకే పొలానికి వేర్వేరు గట్లు వేస్తే ఎత్తైన గట్టు దగ్గర నీరు ఆగినట్టు అన్నమాట. (నగరాల సంగతి వేరు. అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరం 10.10 డాలర్లు చేద్దామనుకుంటే 2016లో రాష్ట్ర శాసనసభ అసలు నగరాలకు ఆ అధికారమే లేకుండా చేసింది. పైవాడు కిందివాడి చేతులు కట్టేయడం ఒక్క మన దగ్గరే ఉన్న విద్య కాదు.)

మన దగ్గర ఒక కార్మికుడి మీద రెండు కనీస వేతనాలు ఒకేసారి పనిచేయవు. ప్రతి కార్మికుడికీ ఒకే ఒక ప్రభుత్వం ఉంటుంది. చట్టం భాషలో దాన్ని ‘సముచిత ప్రభుత్వం’ అంటారు. అది కేంద్రమైతే కేంద్రం రేటు, రాష్ట్రమైతే రాష్ట్రం రేటు. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కువది ఎంచుకునే వెసులుబాటు చట్టం ఇవ్వలేదు. కొన్ని టెండరు పత్రాల్లో ‘రెండింటిలో ఎక్కువది చెల్లించాలి’ అనే షరతు కనిపిస్తుంది. అది ఆ ఒప్పందం మంచితనమే తప్ప చట్టం కాదు.

ఈ ఏర్పాటు 1948 నాటి కనీస వేతనాల చట్టంతో మొదలైంది. కార్మిక సంక్షేమం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, అంటే పార్లమెంటూ శాసనసభా రెండూ దాని మీద చట్టాలు చేయవచ్చు. రెండూ ఢీకొంటే 254వ అధికరణం ప్రకారం కేంద్ర చట్టానిదే పైచేయి, రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టం మాత్రం ఆ రాష్ట్రం వరకు నిలుస్తుంది. కానీ కనీస వేతనం దగ్గర ఇంత దూరం పోవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఎందుకంటే చట్టం చేసింది కేంద్రమే, రేటు వేసే పనిని రంగాలవారీగా పంచింది. రైల్వేలు, గనులు, చమురు క్షేత్రాలు, మేజర్ పోర్టులు, కేంద్ర చట్టంతో పుట్టిన సంస్థలు కేంద్రానికి, మిగిలిందంతా రాష్ట్రాలకు. పొలం కూలీలు, బీడీలు చుట్టేవాళ్లు, హోటలు సర్వర్లు, బట్టల దుకాణాల్లో నిలబడి నిలబడి కాళ్లు వాచే అమ్మాయిలు రాష్ట్రాల వాటాలోకి వచ్చారు. సంఖ్యలో చూస్తే దేశంలోని శ్రామికుల్లో అత్యధిక భాగం ఇదే.

ఈ పంపకం గీత ఎక్కడ పడుతుందో చూస్తే కొన్నిసార్లు వింతగా ఉంటుంది. సింగరేణిలో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది. అయినా అది గని కాబట్టి, అక్కడి కాంట్రాక్టు కార్మికుడికి సముచిత ప్రభుత్వం ఢిల్లీలో ఉంటుంది. (పర్మినెంటు కార్మికులకు ఈ గొడవ లేదు, వాళ్ల జీతాలు బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందం నుంచి వస్తాయి.) సికింద్రాబాద్ స్టేషన్లో ప్లాట్‌ఫారం కడిగే కాంట్రాక్టు మనిషి కేంద్రం లెక్కలోకి వస్తాడు. స్టేషన్ గేటు దాటి రోడ్డు అవతల లాడ్జి మెట్లు కడిగే మనిషి రాష్ట్రం లెక్కలోకి వస్తాడు.

కేంద్రం తన పరిధిలోని వాళ్లకు వేసిన రేటు తక్కువేమీ కాదు. 2024 అక్టోబరు 1 నాటికి ‘ఎ’ తరగతి ప్రాంతాల్లో, అంటే పెద్ద నగరాల్లో, ఊడ్చే పని, నిర్మాణ పని, బరువులు ఎత్తి దించే పని చేసే నైపుణ్యం లేని కార్మికుడికి రోజుకు 783 రూపాయలు, నెలకు 26 రోజుల లెక్కన 20,358 రూపాయలు. హైదరాబాద్ ‘ఎ’ తరగతిలోనే ఉంది. ఈ అంకెను కాసేపు గుర్తుంచుకోండి, ఇదే కేంద్రం దేశం మొత్తానికి చెప్పిన ఇంకో అంకె ఇప్పుడు చూద్దాం.

రాష్ట్రాలకు వదిలేసిన రేట్లు ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. 2018–19 ఆర్థిక సర్వే లెక్క ప్రకారం, ఒక్క నైపుణ్యం లేని పనులకే దేశవ్యాప్తంగా 1,915 రకాల కనీస వేతనాలున్నాయి. ఇన్ని ఉండి కూడా, వేతనం మీద బతికే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఏ రేటూ వర్తించదని అదే సర్వే ఒప్పుకుంది. కారణం సులువు: పాత చట్టం షెడ్యూలులో పేరున్న పనికే రేటు. పేరు చేర్చడం, చేర్చకపోవడం ఆయా ప్రభుత్వాల ఇష్టం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను చాలా రాష్ట్రాలు ఆ జాబితాలో చేర్చనే లేదు.

దీనికి మందుగా 1996లో కేంద్రం ‘జాతీయ స్థాయి ఫ్లోర్ వేజ్’ అనే మాట తెచ్చింది. అంటే ఇంటికి గచ్చులాంటిది, ఏ రాష్ట్రం రేటూ అంతకంటే కిందికి దిగకూడదు. మొదట రోజుకు 35 రూపాయలు. తర్వాత పెంచుకుంటూ 2009లో 100, 2015లో 160, 2017లో 176 చేశారు. వినడానికి గట్టిగానే ఉంది కానీ ఆ గచ్చు సిమెంటుతో పోసింది కాదు, సుద్దముక్కతో గీసింది. ఏ చట్టంలోనూ దానికి చోటు లేదు. అది రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చిన సలహా మాత్రమే. వినని రాష్ట్రాన్ని ఏమీ చేయలేరు, వినని యజమానిని అసలే ఏమీ చేయలేరు. ‘కేంద్రం చెప్పిన జాతీయ కనీస వేతనం మాకు ఇవ్వడం లేదు’ అని ఎవరైనా కార్మిక శాఖ గడప తొక్కి ఉంటే, అధికారి తెరిచే దస్త్రమే ఉండేది కాదు.

వేతనాల కోడ్ ఇక్కడే కొత్త మలుపు. 2019 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొంది, ఆరేళ్లకు పైగా అటక మీద ఉండి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఈ కోడ్, నాలుగు పాత చట్టాలను కలిపేసింది. షెడ్యూలు పోయింది, కనీస వేతనం ప్రతి ఉద్యోగానికీ వర్తిస్తుంది. ఫ్లోర్ వేజ్‌కు మొదటిసారి చట్టంలో చోటు దొరికింది, తొమ్మిదో సెక్షనులో. కేంద్రం దాన్ని నిర్ణయించాలి, కావాలంటే వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరుగా పెట్టవచ్చు. సముచిత ప్రభుత్వం వేసే కనీస వేతనం దానికంటే తగ్గకూడదు. ఇప్పటికే ఎక్కువ ఇస్తున్న ప్రభుత్వం దీన్ని చూపించి తగ్గించకూడదు.

చాలామంది తడబడేది ఇక్కడే అనుకుంటాను. ఫ్లోర్ వేజ్ యజమానికి ఇచ్చిన ఆదేశం కాదు, ప్రభుత్వాలకు ఇచ్చిన ఆదేశం. యజమానిని కట్టేసేది ఐదో సెక్షను: సముచిత ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వరాదు. ఫ్లోర్ వేజ్ కంటే తక్కువ ఇవ్వరాదు అని అందులో లేదు. కాబట్టి కేంద్రం ఫ్లోర్ వేజ్ పెంచిన రోజే మీ జీతం పెరగదు. మీ రాష్ట్రం దానికి తగ్గట్టు కొత్త నోటిఫికేషన్ ఇచ్చిన రోజు పెరుగుతుంది. ఇవ్వకపోతే? చట్టాన్ని చదివితే నాకు అర్థమైనంతవరకు, తగవు కూలీకీ కాంట్రాక్టరుకూ మధ్య ఉండదు, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఉంటుంది. అంటే కార్మిక అధికారి దగ్గర దరఖాస్తుతో తేలేది కాదు, హైకోర్టులో రిట్ వేయాల్సిన వ్యవహారం. అమెరికాలో ఫెడరల్ రేటు నేరుగా దుకాణదారు గల్లా పెట్టె దాకా వస్తుంది. మన ఫ్లోర్ వేజ్ సచివాలయం గేటు దగ్గర ఆగి లోపలివాళ్ల కోసం ఎదురుచూస్తుంది.

ఇక అంకె సంగతి. 2019 జనవరిలో అనూప్ సత్పథి అధ్యక్షతన ఉన్న నిపుణుల కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. పెద్దవాళ్లకు రోజుకు 2,400 కేలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు అందే తిండి, బట్ట, ఇంటి ఖర్చులు లెక్కకట్టి, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయలు, అంటే నెలకు 9,750 దేశమంతటికీ కనీసం కావాలంది. పట్నాల్లో ఇంటి అద్దె భత్యం అదనం. ఒకే అంకె వద్దనుకుంటే దేశాన్ని ఐదు ప్రాంతాలుగా చేసి 342 నుంచి 447 దాకా పెట్టమంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 380 రూపాయల వరుసలోకి వచ్చాయి. 2019 జులైలో ప్రభుత్వం ప్రకటించిన జాతీయ ఫ్లోర్ వేజ్ 178 రూపాయలు. 176 మీద రెండు రూపాయలు పెంచారు. రెండు రూపాయలతో అప్పట్లో ఏం వచ్చేదో పాఠకులకు చెప్పక్కర్లేదు.

తన రైల్వే కాంట్రాక్టు మనిషికి హైదరాబాద్‌లో 783 వేసిన కేంద్రం, దేశం మొత్తానికి గచ్చు వేసేటప్పుడు 178 దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఏళ్ల తేడా, ఊరి తరగతుల తేడా కొంత ఉన్నమాట నిజమే, వాటిని తీసేసినా ఎడం పెద్దదే. జవాబు నా లెక్కలో ఇది: తన పరిధిలో రేటు వేస్తే ఖర్చు తనది, పరిమితం. దేశానికి గచ్చు వేస్తే అన్నిటికంటే బీద రాష్ట్రంలోని అన్నిటికంటే చిన్న యజమాని మొహం చూడాలి. ఆ మొహానికి తగ్గట్టు వేసిన గచ్చు హైదరాబాద్, విశాఖ కూలీల కాళ్ల కింద ఎక్కడో పాతాళంలో ఉంటుంది. ప్రాంతాలవారీగా వేస్తే ఆ చిక్కు కొంత తీరుతుంది, కానీ అప్పుడు ‘జాతీయ’ అన్న మాటకు అర్థం పలచబడుతుంది. పెట్టుబడి కోసం పక్క రాష్ట్రంతో పోటీపడి కూలి రేట్లు నొక్కిపెట్టే అలవాటును ఆపడానికే కదా గచ్చు కావాలన్నది.

కోడ్ ఇంకో పని కూడా పెద్దగా చప్పుడు చేయకుండా చేసింది. కేంద్రం, రాష్ట్రం మధ్య గీతను జరిపింది. బ్యాంకులు, బీమా సంస్థలు, టెలికాం, విమాన రవాణా, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, వాటి అనుబంధ కంపెనీలు, ఆ సంస్థల పనిచేసే కాంట్రాక్టర్లతో సహా, కేంద్రం వైపు వచ్చాయి. పాత చట్టంలో కేంద్ర చట్టంతో పుట్టిన స్టేట్ బ్యాంకులాంటివే అటువైపు ఉండేవి. ప్రైవేటు బ్యాంకు ఏటీఎం ముందు రాత్రంతా స్టూలు మీద కూర్చునే సెక్యూరిటీ గార్డుకు ఇది చిన్న విషయం కాదు. ఇన్నాళ్లూ అతని రేటు రాష్ట్ర జీవోలో వెతకాలి, ఇకమీద ఢిల్లీ నోటిఫికేషన్‌లో వెతకాలి. అతనికి ఈ సంగతి ఎవరు చెబుతారన్నది వేరే కథ.

కేంద్ర చట్టం రాష్ట్ర రేటును మింగేసిన సందర్భం ఒకటుంది. అది మన నేల మీద పుట్టింది కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆ చట్టంలో ఆరో సెక్షను రెండు మాటలు చెప్పింది. కేంద్రం తన రేటు ప్రకటించేదాకా, రాష్ట్రం వ్యవసాయ కూలీలకు వేసిన కనీస వేతనమే ఉపాధి కూలీలకూ ఇవ్వాలి. కనీస వేతనాల చట్టంలో ఏమున్నా సరే, కేంద్రం తన సొంత రేటు ప్రకటించుకోవచ్చు.

మొదట్లో మొదటి మాట నడిచింది. నైపుణ్యం లేని పని కూలి మొత్తం కేంద్రమే భరించేది కాబట్టి, రాష్ట్రాలు తమ వ్యవసాయ కనీస వేతనం పెంచితే బిల్లు ఢిల్లీకి పోయేది. ఇది ఎక్కడికి దారితీస్తుందో ఆర్థిక శాఖలకు చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 1న కేంద్రం రెండో మాటను బయటికి తీసి, కూలిని రాష్ట్ర కనీస వేతనం నుంచి విడదీసింది. ఆ తర్వాత రాష్ట్రం రేటు పెరిగినా ఉపాధి కూలి అక్కడే నిలబడింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నోటిఫికేషన్ అమలును నిలిపివేసింది. 2011 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. దాని మీద స్టే ఇవ్వడానికి 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

కోర్టులు ఇంత పట్టుదలగా ఉండటం వెనక పాత తీర్పులున్నాయి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆకలి కూడా మనిషిని బలవంతంగా పనికి నెట్టగలదని జస్టిస్ పి.ఎన్. భగవతి వాదన. మరుసటి ఏడాది సంజిత్ రాయ్ కేసులో, రాజస్థాన్‌లో కరువు పని కూలీలకు కనీస వేతనం నుంచి మినహాయింపు ఇచ్చిన రాష్ట్ర చట్టాన్ని అదే కారణంతో పక్కకు నెట్టింది. కరువు పని ఇవ్వడం దయ కాదని, పని చేయించుకుంటే రేటు ఇవ్వాలని చెప్పింది. ‘కనీస వేతనాల చట్టంలో ఏమున్నా సరే’ అని పార్లమెంటు రాసుకోవచ్చు. ‘రాజ్యాంగంలో ఏమున్నా సరే’ అని మాత్రం రాసుకోవడానికి వీల్లేదు.

అయినా ఆచరణలో ముడి విడలేదు. 2011 నుంచి ఉపాధి కూలిని వ్యవసాయ కార్మికుల ధరల సూచీతో ముడిపెట్టి ఏటా కొంచెం కొంచెం పెంచుతూ వచ్చారు, 2025–26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అది 307 రూపాయలు. వేతనాల కోడ్ కూడా ఉపాధి హామీ చట్టాన్ని తాకనని ముందే చెప్పేసింది. ప్రైవేటు యజమానికి నీతి చెప్పే ప్రభుత్వం తానే యజమాని అయినచోట పక్క ద్వారం పెట్టుకుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ఇంకో చట్టం తెచ్చింది. అందులో చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం మోయాలి, కూలి రేటు ప్రకటించేది మాత్రం కేంద్రమే. బిల్లు తనదైనప్పుడు రేటు తన చేతిలో ఉండాలన్న కేంద్రం వాదనలో బలముందని నేనూ ఒప్పుకుంటాను. బిల్లులో వాటా పంచాక అదే వాదన తిరగబడుతుంది కదా.

రాష్ట్రాల సొంత ఇల్లు ఏమంత చక్కగా ఉందని కాదు. కనీసం ఐదేళ్లకోసారి రేట్లు సవరించాలని పాత చట్టమూ చెప్పింది, కోడూ చెబుతోంది. సవరించకపోతే పాత రేటే నడుస్తుంది తప్ప ఎవరికీ శిక్ష లేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా చాలా పనులకు ఉమ్మడి రాష్ట్రం నాటి జీవోలే రెండు వైపులా ఆధారంగా కొనసాగాయి. ఆ పాత మూల వేతనం మీద ధరల సూచీ పాయింట్లకు తగ్గట్టు వీడీఏ, అంటే ధరలతో మారే కరువు భత్యం, కలుపుతారు, ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. అందువల్ల కాగితం మీద అంకె ఆరు నెలలకోసారి కదులుతూనే కనిపిస్తుంది, కార్మికుడికి పెంచినట్టే అనిపిస్తుంది. నిజానికి వీడీఏ చేసేది ధరల వెంట పరుగెత్తడమే. కుటుంబానికి ఎంత కావాలన్న అసలు లెక్క పాత జీవో రాసిన రోజు దగ్గరే ఆగి ఉంటుంది.

తక్కువ ఇచ్చిన యజమానికి పాత చట్టంలో జరిమానా 500 రూపాయల దాకా, జైలు ఆరు నెలల దాకా. కోడ్‌లో మొదటిసారికి జైలు లేదు, జరిమానా 50 వేల దాకా. బకాయి కోసం దరఖాస్తు పెట్టుకునే గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరిగింది. ఇది నిజంగా పనికొచ్చే మార్పు, ఎందుకంటే పనిలో ఉండగా ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు, పని వదిలాకే నోరు పెగులుతుంది.

చివరగా వలస కూలీ. అతనికి ఏ రాష్ట్రం రేటు? పుట్టిన ఊరిది కాదు, పనిచేసే చోటిది. పాలమూరు నుంచి ముంబయి వెళ్లి మట్టి తవ్వేవాడికి మహారాష్ట్ర రేటు. ఒడిశాలోని బలాంగీర్ నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీకి వచ్చేవాడికి తెలంగాణ రేటు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే, వచ్చినవాడికి స్థానికుడితో సమానంగా, ఏ పరిస్థితిలోనూ కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని రాసింది. కానీ బట్టీలో కూలి రోజుల్లో లెక్కించరు, వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కిస్తారు. అడ్వాన్సు వర్షాకాలం చివర్లో, కూలీలను కుదిర్చే సర్దారు చేతుల మీదుగా బలాంగీర్‌లోనే ముట్టింది. ఇటుకలు చేసేది మొగుడూ పెళ్లామూ పిల్లలూ కలిసి, లెక్క పుస్తకంలో మాత్రం ఒకే పేరు ఉంటుంది. వెయ్యి ఇటుకలు ఎన్ని గంటల పని, ఎందరి పని, ఒక్కొక్కరికి రోజుకు ఎంత పడింది అని భాగించి చూసిన కాగితం ఆ బట్టీలో ఎవరి దగ్గరా ఉండదు. ఢిల్లీ అంకె, హైదరాబాద్ అంకె, రెండూ ఆ భాగహారం అవతలే ఉన్నాయి.